మనము పేరెరుగని ఉపకారి



జనగామ సంతకు వచ్చు రైతు ఇంటనైనను, మహబూబాబాదు రైలు స్టేషను ప్రక్క నివసించు కూలివాని ఇంటనైనను, భూపాలపల్లి అడవి అంచునగల గూడెములోనైనను, వెదకి చూచిన ఏదో యొక మాత్ర కనబడక మానదు. గర్భవతియైన కోడలికి ఆరోగ్య ఉపకేంద్రములో ఇచ్చిన ఎర్రని మాత్రలు గూటిలో ఉండును. కీళ్లవాతముతో వ్రేళ్లు వంకరపోయిన అవ్వకు, వారమునకు ఒక్కసారి మాత్రమే వేసికొనుమని గట్టిగా చెప్పి వైద్యుడు వ్రాసిన మాత్ర డబ్బీలో ఉండును. బోదకాలుగల జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి, తమ కన్నులయెదుటనే మాత్రలు మ్రింగించి పోవుదురు. రక్తపు క్యాన్సరు సోకిన పసివానిని పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయిన తలిదండ్రులు అక్కడ మరియొక మందు పేరు విని వచ్చెదరు.

ఈ మందులన్నియు వేరువేరు రోగములకు సంబంధించినవి. అయితే వీటన్నిటి వెనుకను ఒక్క మనుష్యుడే నిలిచియున్నాడు. ఆయన మన తెలుగువాడు, గోదావరి మండలమువాడు. పేరు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. మందును ఎరిగిన మనము మందు చేసినవానిని ఎరుగకుండుట న్యాయము కాదు గనుక, ఆయన జీవితమును ఈ నెల చెప్పుకొందము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో పుట్టెను. తండ్రి జగన్నాథము గారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఇంట పిల్లలు ఏడుగురు, రాబడి కొంచెము. ఇట్టి ఇంట పుట్టిన బాలునికి చదువుమీద కంటె డబ్బుమీద ఆశ పుట్టుటలో వింత లేదు. పదుమూడేండ్ల ప్రాయమున ఆయన ఒక బంధువుతో కలిసి ఇల్లు విడిచి పారిపోయెను. ఎక్కడికనుకొన్నారు? కాశికి! అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఆయన ఆలోచన. ఇంటివారు వెదకించి వెనుకకు తెచ్చిరి.

బడిలో కూర్చుండబెట్టినను చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో ఒకసారి తప్పెను, రెండవసారియు తప్పెను. ఈలోగా తండ్రి ఆరోగ్యము చెడెను. తల్లి తన నగలు అమ్మి కొడుకును చదివించెను. ఆయన మద్రాసులోని హిందూ హైస్కూలునుండి మూడవసారి పరీక్ష వ్రాసి గట్టెక్కెను. రెండుసార్లు తప్పిన పిల్లవానిని పనికిరానివాడని మనము ఎంత తొందరగా తీర్చివేయుదుము! ఆ తల్లి అట్లు తీర్చలేదు.

కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు సన్న్యాసమువైపు తిరిగెను. రామకృష్ణ మఠములో చేరెదనని పట్టుపట్టెను, తల్లి ఒప్పుకొనలేదు. వైద్యుడవైనచో రోగులకు సేవ చేయవచ్చునని మఠమువారును చెప్పగా మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. అది గాంధీగారి పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న కాలము. సుబ్బారావు గారు శస్త్రచికిత్స గదిలోనికి ఖద్దరు అంగీ తొడుగుకొని వెళ్లెను. అది తెల్లదొరయైన ఆచార్యునికి కంటగింపాయెను. తుదకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రము చేతికి వచ్చెను.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలెను. స్ప్రూ అని దొరలు పిలుచు విరేచనముల రోగము ఒకటి ఉష్ణదేశములలో కలదు. అది సోకినవాడు ఎంత తినినను ఒంటబట్టదు. నాలుక పూసిపోవును, నెత్తురు పలుచబడును, కండ కరగును, మనిషి ఎముకల గూడై పోవును. ఆ రోగము సుబ్బారావు గారి సోదరులను ఇద్దరిని కొద్ది కాలములోనే ఒకరివెంట ఒకరిని తీసికొనిపోయెను. ఇంట వైద్యము నేర్చినవాడు ఉండియు చేయగలిగినది ఏమియు లేకపోయెను. ఆ రోగమునకు ఆనాడు లోకములో ఎవరియొద్దను సరియైన మందు లేదు. తరువాత అదే రోగము తనకును సోకగా, ఆయుర్వేద పండితుడైన డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సవలన ఆయన బ్రదికెను. పిమ్మట మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించుచు కొంతకాలము గడపెను.

అయితే రోగికి మందు పోయుటతో ఆయన తృప్తిపడలేదు. లేని మందును కనుగొనవలెనని పట్టుదల కలిగెను. 1919లో ఆయనకు శేషగిరి గారితో వివాహమాయెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి ఆసరాతోను, భార్యను పుట్టింట విడిచి ఆయన అమెరికాకు ఓడ ఎక్కెను. 1923 అక్టోబరులో బోస్టను నగరము చేరెను.

హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వైద్యము చదువుటకు చోటు దొరికెను గాని చేత డబ్బు లేదు. మన దేశపు వైద్య పట్టముతో అక్కడ వైద్యము చేయుటకు అనుమతియు లేదు. అందుచేత ఆ వైద్యుడు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగా కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగెను. పగలు చదువు, రాత్రి ఆ పని. ఆ పని చేసినందుకు ఆయన చిన్నబోలేదు.

తరువాత సైరస్ ఫిస్కు అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరెను. 1925లో వారిద్దరు కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో కొలుచు ఒక పద్ధతిని కనిపెట్టిరి. ఫిస్కు–సుబ్బారావు పద్ధతి అను పేరుతో అది ప్రపంచమంతట ప్రయోగశాలలలో పాఠమాయెను. ఆ పద్ధతితోనే కండరమును పరీక్షించుచు 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసి చూపిరి. ఇంగ్లండు, జర్మనీ దేశములలో మరికొందరును అదే సమయమున ఆ వస్తువులనే చేరుకొనిరి.

వీటివలన ఏమి తెలిసెనందురా? ఎద్దు నాగలి లాగునప్పుడును, తల్లి నాటు వేయునప్పుడును కండరమునకు బలము ఎక్కడనుండి వచ్చును? మనము తినిన అన్నము పెద్ద నోటువంటిది. కండరము ఆ నోటును పుచ్చుకొనదు, దానికి చిల్లర కావలెను. ఆ చిల్లరయే ఏ.టి.పి. అది అయిపోయిన క్షణముననే మరల నింపుటకు రొంటిన దోపుకొన్న నాణెములవంటిది ఫాస్ఫోక్రియాటిను. చీమ మొదలు ఏనుగు వరకు, గడ్డిపోచ మొదలు మనుష్యునివరకు, ప్రాణముగల ప్రతిదియు ఈ చిల్లరతోనే బ్రదుకుచున్నది. ఈ సంగతి బయలుపడిన తరువాత, అంతకుముందు నోబెల్ బహుమానము పొందిన పండితులును కండరమును గూర్చిన తమ సిద్ధాంతమును దిద్దుకొనవలసి వచ్చెను.

ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన కొలువు దొరకలేదు. ఆయన ఫలితములలో కొన్ని వెలుగు చూడనేలేదు. ఆ శాలలోనే విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ బహుమానము అందుకొన్న జార్జి హిచింగ్సు ఈ సంగతిని తరువాత బయలుపరచెను. సుబ్బారావు గారు అప్పుడే వేరుచేసిన కొన్ని పదార్థములను చాలా ఏండ్లకు ఇతరులు మరల కనుగొనవలసి వచ్చెనని ఆయన సాక్ష్యము. సుబ్బారావు గారు మాత్రము ఎవరితోను వ్యాజ్యెమాడలేదు. 1940లో హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరు అను ఊరిలోనున్న లెడర్లీ మందుల సంస్థలో చేరెను. 1942లో అక్కడి పరిశోధనలన్నిటికి అధిపతి ఆయెను. అప్పటికి నలువది యేడేండ్లవాడు. ఇక మిగిలినవి ఆరేండ్లే. లోకమునకు ఆయన చేసిన పెద్ద మేళ్లన్నియు ఆ ఆరేండ్లలోనే జరిగెను.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. దీని కథ మన దేశములోనే ఆరంభమాయెను. 1928లో లూసీ విల్సు అను వైద్యురాలు ఇంగ్లండునుండి బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు బీద గర్భిణీ స్త్రీలు నెత్తురు లేక పాలిపోయి చనిపోవుట చూచెను. రొట్టెపై పూసికొను చవుకైన ఈస్టు సారము తినిపింపగా వారు తేరుకొనిరి. అందులో ఏదో జీవపదార్థము ఉన్నది. అది ఏదో ఎవరికిని తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి చిటికెడు తీసి, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. నాలుగు టన్నుల కూరకు చిటికెడు మందైనచో బీదవారికి దక్కునదెట్లు? సుబ్బారావు గారి బృందము దానిని కార్జమునుండియు సూక్ష్మజీవులనుండియు వేరుచేసి, దాని నిర్మాణమును విప్పి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసెను. ఆ ప్రకటనలో పదునారుగురి పేర్లు కలవు. పదునారింటిలో ఒకటిగా, నడుమనెక్కడనో, ఆయన పేరు ఉన్నది.

వెంటనే టామ్ స్పైసు అను వైద్యుడు ఆ మందును నెత్తురు లేని రోగులకును, క్యూబా ద్వీపములోని స్ప్రూ రోగులకును ఇచ్చి చూచెను. పాలిపోయినవారి ముఖమునకు రంగు వచ్చెను, పూసిన నాలుక మానెను, ఆకలి పుట్టెను. ఏ రోగము తన సోదరులను మ్రింగెనో ఆ రోగమునకు మందు సుబ్బారావు గారి శాలనుండియే బయలుదేరెను. ఆ మందు వచ్చుసరికి ఆ సోదరులు లేరు.

రెండవది మరింత వింతయైనది. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలను చూచుచుండెను. ఆనాడు ఆ రోగము వచ్చిన బిడ్డ కొద్ది వారములలోనో నెలలలోనో పోవలసినదే. నెత్తురు పుట్టించు ఫోలిక్ ఆమ్లమువంటి పదార్థములను ఆయన ఆ పిల్లలకు ఇచ్చి చూచెను. మేలు కలుగలేదు సరికదా, రోగము మరింత ముదురుచున్నట్లు కనబడెను. అది చూచి ఆయన మరియొక విధముగా ఆలోచించెను. ఈ ఆహారము రోగమును పెంచుచున్నదైతే, దానిని మోసపుచ్చి పస్తు పెట్టినచో? అందుకు ఫోలిక్ ఆమ్లమువలెనే కనబడుచు దాని పని చేయని నకిలీ పదార్థము కావలెను. అట్టివానిని సుబ్బారావు గారి శాలవారు తయారుచేసి పంపిరి. దొంగ తాళముచెవి తాళములో దూరి ఇరుకుకొని, అసలు చెవిని దూరనీయదు. ఆ మందును అమినాప్టెరిను అనిరి. 1948లో ఫార్బరు ప్రకటించిన పదునారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలము రోగము వెనుకకు తగ్గెను. అది శాశ్వతమైన స్వస్థత కాదు. అయినను రక్తపు క్యాన్సరును మందుతో వెనుకకు నెట్టవచ్చునని లోకము మొదటిసారి చూచెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని ఆ పిల్లలకు ఇచ్చుచున్నారు. మంచి వైద్యము సకాలములో అందినచో ఆ పిల్లలలో ఎక్కువమంది బ్రదుకుచున్నారు. మన అవ్వ కీళ్లవాతమునకు వారమునకొకసారి మ్రింగునదియు అదే మెథోట్రెక్సేటు. ఆహారమైన వస్తువును కొంచెము మార్చగా అది మందాయెను!

మూడవది బోదకాలు మందు. రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ ద్వీపములకు పోయిన అమెరికా సైనికులు వేలకొలది ఆ రోగమునకు గురియైరి. అప్పుడు దానికి మందు వెదకుట తొందర పనియాయెను. లెడర్లీలో ఆ పురుగులుగల అడవి ఎలుకలపై అనేక పదార్థములను పరీక్షించి, 1947లో హెట్రజాను అను మందును ప్రకటించిరి. దానినే నేడు డి.ఇ.సి. మాత్ర అనుచున్నాము.

ఈ మాత్ర ఎట్లు పనిచేయునో మన పల్లెలలో ప్రతివారును తెలిసికొనవలెను. బోదకాలు పురుగు పెద్దదై మన శరీరములోని రసనాళములలో దాగి, కంటికి కనబడని పిల్లలను రాత్రివేళ నెత్తురులోనికి విడుచును. దోమ మనలను కుట్టి ఆ పిల్లపురుగులను పీల్చుకొనిపోయి మరియొకనికి అంటించును. డి.ఇ.సి. ముఖ్యముగా ఆ పిల్లపురుగులను నాశనము చేయును. కాలు వాచినవాడు మాత్రమే కాదు, ఏ బాధయు లేనివాడును పురుగును మోయుచుండవచ్చును. అందుచేతనే ఊరంతటికి మాత్ర ఇచ్చెదరు. పెద్దపురుగు నాలుగైదేండ్లు, అంతకంటె ఎక్కువయు బ్రదుకును గనుక ఒక్క ఏడు మ్రింగిన చాలదు. చీనాదేశములో దీనిని ఉప్పులోకూడ కలిపి తినిపించిరి. 2007లో ఆ దేశము బోదకాలును తొలగించినదని ప్రకటింపబడెను. మన దేశములో 2004 నుండి విస్తారముగా ఊరూర ఈ మాత్రలు పంచిరి. వాచి గట్టిపడిన కాలును మాత్ర మునుపటివలె చేయలేదు, ఆ కాలును శుభ్రముగా కడిగి కాపాడుకొనవలసినదే. కాని మన పిల్లల కాళ్లు వాయకుండ ఆపగలదు.

నాలుగవది పసుపుపచ్చని బూజునుండి వచ్చినది. ఉద్యోగ విరమణచేసి డెబ్బదేండ్లు దాటిన బెంజమిను డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుని ఆ సంస్థ పనిలో పెట్టుకొనెను. ఆయన నలుదిక్కులనుండి మట్టి తెప్పించి పరీక్షించుచు, మిస్సౌరీ రాష్ట్రములోని ఒక గడ్డిపొలపు మట్టిలో బంగారు రంగుగల సూక్ష్మజీవిని కనుగొనెను. దానినుండి 1948లో ఆరియోమైసిను వచ్చెను. టెట్రాసైక్లిను అను మందుల కుటుంబమునకు అది పెద్దబిడ్డ. పెన్సిలినుకు లొంగని అనేక జ్వరములు దానికి లొంగినవి.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడు. ఉష్ణదేశపు స్ప్రూ రోగమునకు ఈనాడు వైద్యులిచ్చు ముఖ్యమైన మందులు రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లము, రెండవది టెట్రాసైక్లిను. రెండును సుబ్బారావు గారి శాలనుండి వచ్చిన వంశమే.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయెను. వయస్సు యేబదిమూడేండ్లు.

ఈ జీవితములో దుఃఖకరమైన భాగమును దాచిపెట్టి చెప్పుట సత్యము కాదు. ఓడ ఎక్కిన తరువాత ఆ ఇరువదియైదేండ్లలో ఆయన ఒక్కసారియు స్వదేశమునకు రాలేదు. ఆయన వెళ్లిన పిమ్మట పుట్టిన కుమారుడు పసితనములోనే చనిపోయెను. ఆ బిడ్డ ముఖమును తండ్రి చూడనే లేదు. శేషగిరి గారు భర్త వచ్చునని ఎదురుచూచుచు యౌవనమంతయు గడపిరి. ఆయన రాలేదు, ఆమెను పిలిపించుకొనలేదు. అమెరికా చట్టము 1946 వరకు భారతీయులకు పౌరసత్వమే ఇయ్యలేదు, తరువాత త్రోవ తెరచినను ఆయన ఆ దేశపు పౌరుడు కాకయే మరణించెను. లోకమునకు ఆయన ఇచ్చినదానిలో ఒక భాగము ఆ ఇల్లాలి ఒంటరితనమునుండి తీసియిచ్చినది. ఆయనను పొగడునప్పుడు ఆమెను మరచుట తగదు.

ఆయనకు నోబెల్ బహుమానము రాలేదు. సభలలో తన వెంట పనిచేసినవారినే ముందుకు నెట్టి తాను వెనుక కూర్చుండుట ఆయన వాడుక. 1953లో ఒక బూజు జాతికి ఆయన పేరు పెట్టిరి. 1995లో, శతజయంతి సంవత్సరమున, మన ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వెలువరించెను. అంతకుమించి కొద్ది జ్ఞాపకములే కలవు.

పదిమంది కుష్ఠరోగులు బాగుపడగా ఒక్కడే తిరిగివచ్చిన కథ మన ఇండ్లలో పిల్లలకును తెలియును. మన పల్లెలలో మాత్ర మ్రింగి బాగుపడినవారు ఎందరు, తిరిగిచూచినవారు ఎందరు? పోయినవానికి మనము పూలదండ వేయనక్కరలేదు. ఆయన కష్టమును వ్యర్థము చేయకున్న చాలును. కార్యకర్త వచ్చినప్పుడు మాత్రలను చేత పుచ్చుకొని ఆమె వెళ్లిన తరువాత పెరటిలో పారవేయకుడి. కడుపునిండ భోజనము చేసి ఆమె యెదుటనే మ్రింగుడి. గర్భిణీ స్త్రీలకును, రెండేండ్లలోపు బిడ్డలకును, మంచమున పడిన రోగులకును ఇయ్యకూడదని జ్ఞాపకముంచుకొనుడి. కొందరికి ఆ దినమున కొంచెము జ్వరము, తల తిరుగుట కలుగవచ్చును. తరచుగా అది లోపలి పురుగులు చచ్చుచున్నందుకు గురుతు, భయపడవలదు, కార్యకర్తకు చెప్పుడి. గర్భవతియైన కోడలు ఎర్రమాత్రలను నల్లవిరేచనమగుచున్నదని మానివేసినయెడల, అది ఆ మాత్రలోని ఇనుమువలన కలుగునదే కాని కీడు కాదని అత్తగారు నచ్చజెప్పవలెను. తోటకూర, పాలకూర, పప్పు ఆమె పళ్లెములో ముందుగా వడ్డింపవలెను. వారమునకొకసారి వేసికొనవలసిన మాత్రను అవ్వ పొరపాటున దినదినము వేసికొనినచో ప్రాణమునకే అపాయము గనుక, ఇంట చదువు వచ్చిన పిల్లవాడు ఆ వారమును గోడమీద వ్రాసి పెట్టవలెను.

పిల్లలు ఈ మందుల పేర్లు అడిగినప్పుడు, దానితోకూడ ఆ పేరును చెప్పుడి. పరీక్షలో రెండుసార్లు తప్పిన భీమవరపు కుర్రవాడని చెప్పుడి. తల్లి నగలమ్మి చదివించినదని కూడ చెప్పుడి.